ఉడికిన ఉన్ని

అక్టోబర్ 30, శుక్రవారం

మా ఆయన హార్లన్ కళ్ల డాక్టరు కోసం దులూత్ వెళ్లి, వస్తూ వస్తూ కోడలి ఇంటి మీదుగా వచ్చాడు. రెండు నల్ల సంచులు తెచ్చాడు. పాత ఉన్ని బట్టలు, ఉన్నిని ఉడకబెట్టి దళసరి గుడ్డ చేసే నా ఫెల్ట్ పనికి ఉపయోగపడతాయని మారెన్ పంపించిందట. కొత్త ఇంటికి మారుతోంది, అలమారలు ఖాళీ చేస్తోంది. కొత్త ఇల్లు ఆ గ్రాడీ అనే మనిషితో కలిసి. మా అబ్బాయి ఆర్నె పోయి ఫిబ్రవరికి మూడేళ్లు నిండుతాయి. ఇంకా నిండలేదు.

సంచులు విప్పి సర్దాను. రెండు మఫ్లర్లు, చిమ్మెట కొట్టిన కోటు, జతలేని మేజోళ్లు, నాలుగు స్వెటర్లు. వాటిలో మూడు నైలాన్ కలిసినవి, ఎంత ఉడకబెట్టినా ముడుచుకోవు. ఒకటి మాత్రం మేలిమి ఉన్ని, ఇటుక రంగు. వేడినీళ్లు, సబ్బు వేసి మెషీన్‌లో రెండు విడతలు తిప్పాను. చక్కగా చిక్కబడింది. కత్తిరించి చూస్తే ఒక్క పోగు ఊడలేదు.

చర్చి బజారుకి చేసే తోరణం ఆకులకి కావలసిన రంగు సరిగ్గా అదే. రాయడానికి ఇంకేం లేదు.

నవంబర్ 2, సోమవారం

చర్చి కింది హాల్లో కుట్టుపని. పద్నాలుగో తారీకున మేం చేసినవి అమ్మే బజారు. వంటగదికి కొత్త పొయ్యి కొనాలని ఈసారి అందరూ పట్టు మీద ఉన్నారు. ఎనిమిదిమందిమి కూర్చుని ఫెల్ట్ టర్కీ కోళ్లు, గుమ్మడికాయలు, ఆకుల తోరణాలు చేస్తున్నాం. టర్కీ తోకకి అయిదు రంగులు పెట్టాలా ఏడా అన్నదాని మీద ముప్పావు గంట వాదన జరిగింది. ఏడు నెగ్గాయి.

నా ఇటుకరంగు ఉన్నిలోంచి ఇరవై రెండు ఆకులొచ్చాయి. పక్కన కూర్చున్న డోటీ ఒక ఆకు తీసుకుని బుగ్గకి ఆనించుకుంది. ఆమె, నేను నలభై ఏళ్లుగా ఒకే బల్ల దగ్గర కుడుతున్నాం. ఇంత మంచి ఉన్ని ఎవరిదని అడిగింది. ఎవరిదో, దులూత్ నుంచి వచ్చింది, అక్కడ ఇలాంటివి బోలెడు పారేస్తారు, ఈ కాలం వాళ్లకి ఉన్ని విలువేం తెలుసు, చేత్తో అల్లినదైనా కొన్నదైనా వాళ్లకి ఒకటే అని ఏకధాటిగా చెప్పుకుపోయాను. ఆమె అడిగింది ఒక్క మాట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుందని నాకే అనిపించి ఆపేశాను.

డోటీ ఆకు కింద పెట్టి, తన టర్కీ వైపు తిరిగింది.

నవంబర్ 4

ఆకుల ఈనెలు కాడకుట్టుతో వేస్తున్నాను. సూది మూడుసార్లు గుచ్చుకుంది. నాకు!

నవంబర్ 7, శనివారం

నెలాఖరున థాంక్స్‌గివింగ్ పండగ భోజనానికి మారెన్ గ్రాడీని తీసుకొస్తానందట. నాకు చెప్పకుండా హార్లన్‌కి ఫోన్ చేసి చెప్పింది. మంచిదే అన్నాను. వంటింటి నేల కడిగాను. మధ్యాహ్నం మళ్లీ కడిగాను. హార్లన్ గుమ్మంలో నిలబడి, బూట్లు విప్పాలా వద్దా అని కాసేపు ఆలోచించి, "ఇంకోసారి కడిగావంటే కింది గది కనబడుతుందే" అన్నాడు.

రావద్దని నేనెందుకంటాను? మూడేళ్లు ఒంటరిగా ఉన్న పిల్ల. ముప్పై ఆరేళ్లు. ఎవరైనా అంటే నేనే వాళ్ల నోరు మూయిస్తాను. అది వేరే సంగతి, ఇది వేరే సంగతి.

నవంబర్ 9

స్వెటర్ల గురించి ఇంట్లో ఎవరూ ఏమీ అడగలేదు. అడగడానికి ఏముందని.

నవంబర్ 14, శనివారం

బజారు బాగా జరిగింది. టర్కీలు పదకొండింటికల్లా ఒక్కటి మిగల్లేదు. నా ఇటుకరంగు తోరణం ఇర్మా లుండీన్ కొంది. బడిలో మూడో తరగతి చెప్పి రిటైరైన మనిషి, వంతెన అవతలి పసుపు ఇల్లు ఆమెదే. కాగితంలో చుట్టి ఇచ్చి, ఆమె కారెక్కేదాకా కిటికీలోంచి చూశాను.

పోయింది. ఇప్పుడు హాయిగా ఉంది.

నవంబర్ 15, ఆదివారం

హాయిగా లేదు. పాట పాడుతుంటే పుస్తకంలో పేజీ తప్పాను. బయటికొచ్చాక పాస్టర్‌గారు ఒంట్లో బాగుందా అని అడిగారు.

నవంబర్ 16, సోమవారం

మారెన్ ఫోన్ చేసింది. ముందు మంచు గురించి, తర్వాత పండక్కి పెకాన్ పై అనే తీపి వంట తెస్తానని, తర్వాత గ్రాడీకి ఉల్లిపాయ పడదని.

"అమ్మా, నేను పంపిన సంచుల్లో ఇటుకరంగు స్వెటర్ ఒకటి కనబడిందా? ఆర్నెది."

లేదన్నాను.

"అడుగున ఉండాలే. సరిగ్గా చూశారా?"

చూశాను, మేజోళ్లు, మఫ్లర్లు తప్ప ఏమీ లేవన్నాను. ఇల్లు మారే హడావిడిలో ఇంకెక్కడో పెట్టి ఉంటావు, వెతుక్కో అని కూడా అన్నాను. వెతుక్కో అన్నాను నేను! సరేనంది. గొంతు చిన్నదైపోయింది. ఫోన్ పెట్టేశాక కాఫీ గిన్నె పొయ్యి మీద మర్చిపోయి అడుగు మాడ్చాను.

ఇప్పుడెందుకు కావాల్సి వచ్చింది? పొరపాటున పంపి ఉంటుంది. పొరపాటు ఆమెది.

నవంబర్ 17

అది ఆర్నెదని నాకు తెలుసు.

ఎదురుగా ఎవరూ లేని ఈ పుస్తకంలో కూడా రెండు వారాలు అబద్ధం రాశాను. ఆ స్వెటర్ పెళ్లైన మొదటి చలికాలం మారెన్ అల్లింది. అప్పటికి ఆమెకి అల్లిక కొత్త, మెడ బిగుతుగా వచ్చింది. వాడు దాన్ని తలమీంచి లాక్కునేటప్పుడు చెవులు ఎర్రబడేవి. వాడి ట్రక్కు మంచు మీద జారి వాడు పోయిన రోజు మాత్రం అది వేసుకోలేదు. సంచీలో వేలు తగిలినప్పుడే తెలిసింది నాకు. తెలిసే మెషీన్‌లో వేశాను.

అత్తమీద కోపం దుత్తమీద చూపించే కోడళ్ల గురించి విన్నాం. కోడలి మీద కోపం కొడుకు స్వెటర్ మీద చూపించిన అత్తని నేనే.

నవంబర్ 18, బుధవారం

ఇర్మా ఇంటికి వెళ్లాను. ముందు గది కిటికీకి తోరణం కట్టుకుంది. రోడ్డు మీదికే కనబడుతోంది. కాఫీ ఇచ్చింది, అల్లం బిస్కెట్లు ఇచ్చింది. ఆ తోరణం వెనక్కి కావాలన్నాను. అమ్మిన సరుకు వెనక్కి అడిగిన చర్చి బజారు ఈ జిల్లా మొత్తంలో ఇదే మొదటిది కాబోలు అని నవ్వింది. ఆ ఉన్నిలో చిమ్మెట ఉందని ఇప్పుడే తెలిసిందనీ, కార్పెట్లు తినేస్తుందనీ చెప్పాను.

"సబ్బునీళ్లలో ఉడకబెట్టాక చిమ్మెట ఎక్కడ బతుకుతుంది వెర్నా? నాకు ఫెల్ట్ చెయ్యడం నేర్పిందే నువ్వు."

బిస్కెట్ చేతిలోనే విరిగిపోయింది. ఆమె నా మొహం చూసింది. ముప్పై నాలుగేళ్లు పిల్లల అబద్ధాలు విన్న మనిషి. కుర్చీ తెచ్చుకుని, డెబ్బై ఆరేళ్ల వయసులో దాని మీదికెక్కి, తోరణం తనే విప్పింది. బదులుగా ఏం కావాలో చెప్పమన్నాను. బల్ల మీద పరిచే పొడుగు గుడ్డ, టర్కీలు, గోధుమ కంకులు కుట్టి క్రిస్మస్ లోపల ఇవ్వమంది. ముందు ఇది పట్టుకెళ్లమంది. ఎందుకని అడగలేదు. ఆర్నెకి కూడా మూడో తరగతి ఆమే చెప్పింది.

నవంబర్ 20, శుక్రవారం

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తోరణం దారం తెంపి ఇరవై రెండు ఆకులూ భోజనాల బల్ల మీద పేర్చాను. వెన్ను ఇక్కడ, చేతులు ఇక్కడ, మెడ పట్టీ ఇక్కడ. అల్లిక గుర్తులు ఉడికినా పూర్తిగా పోలేదు, గీతల్లా ఉన్నాయి. వాటిని బట్టి దేని పక్కన ఏది రావాలో తెలుస్తోంది.

కలవవు. ఆకుకి ఆకుకి మధ్య కత్తిరించేసిన ముక్కలన్నీ టర్కీల కడుపుల్లో కూరేశాం. డోటీ, నేను, మిగతా అందరూ. చెత్త పోకుండా పని జరిగిందని ఆ రోజు మురిసిపోయాం కూడా. ఆ టర్కీలు పాతికో ముప్పయ్యో ఇళ్లకి వెళ్లిపోయాయి. పండగ గురువారం నాడు ఊళ్లో సగం బల్లల మీద అవే ఉంటాయి. ఇంటింటికీ వెళ్లి కడుపులు కోసి చూపించమని అడగనా?

హార్లన్ వచ్చి బల్ల పక్కన నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. "ఆర్నెదే కదా" అన్నాడు. అవునన్నాను. కింద ఇల్లు వేడిచేసే ఫర్నేస్ ఫిల్టర్ మార్చాలని వెళ్లాడు. ఫిల్టర్ పోయిన వారమే మార్చాడు.

నవంబర్ 21

హార్లన్ ఒక్కటే అన్నాడు: "మారెన్‌తో నువ్వే చెప్పాలి. నేను చెప్పను, దాచను." తర్వాత టీవీ పెట్టుకున్నాడు.

చెప్తే మళ్లీ రాదు. మాకు మనవలు లేరు. ఆర్నె పేరు ఎత్తితే కళ్లు తిప్పుకోకుండా మాట్లాడేది ఈ భూమ్మీద ఆ పిల్ల ఒక్కతే. ఊళ్లోవాళ్లు నా ముందు వాడి ఊసే తేరు, నొచ్చుకుంటానని. మారెన్ మాత్రం వాడు గుడ్లు ఎలా మాడ్చేవాడో చెప్పి నవ్విస్తుంది. అది పోతుంది. ఇప్పటికే గ్రాడీ వచ్చి సగం తీసుకుపోతున్నాడు, మిగతా సగం నేనే పోగొట్టుకుంటున్నాను.

చెప్పకపోతే? ఆమె జీవితమంతా అలమారలు వెతుక్కుంటుంది.

నవంబర్ 22, ఆదివారం

ఇంకొకటి రాయలేదు. స్వెటర్ మిగతావాటితో కలిసి లేదు. నల్ల సంచీ అడుగున, జిప్ ఉన్న ప్లాస్టిక్ సంచీలో విడిగా ఉంది. గాలి లేకుండా నొక్కి మూసి ఉంది. చేతులు లోపలికి మడిచి ఉన్నాయి. అంత పొందికగా మడిచి, పాతబట్టల్లో పారేసిందని నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మనిషి చొక్కాలకి చోటు చేసుకుంటోందనుకున్నాను. మావాడికి అలమారలో ఒక్క అర కూడా మిగల్లేదనుకున్నాను.

సంచీ విప్పాను. తర్వాత మెషీన్‌లో వేశాను. నీళ్లు ఎంత వేడి పెట్టాలో అంతకన్నా ఎక్కువ పెట్టాను. మధ్యలో ఏం చేశానో రాయను.

నవంబర్ 24, మంగళవారం

మా ఇంట్లో థాంక్స్‌గివింగ్‌కి ఎంతమంది కూర్చుంటే అన్ని ఫెల్ట్ ఆకులు. ఒక్కో ఆకు మీద ఒక్కో పేరు, గొలుసుకుట్టు. అది పళ్లెంలో పెడతాను. చివర తీపి పై తిన్నాక ఎవరి ఆకు వాళ్లు పట్టుకుని, ఈ ఏడాది దేనికి కృతజ్ఞతో ఒక్క మాట చెప్పాలి. మా అమ్మ పెట్టిన పద్ధతి.

హార్లన్, వెర్నా, మారెన్ అయిపోయాయి. డోటీ కూడా వస్తుంది, ఆమెది అయిపోయింది. గ్రాడీది బూడిదరంగు మేజోడు ఫెల్ట్ మీద మొదలుపెట్టాను. మొదటిసారి అక్షరాలు కిందికి జారాయి, విప్పాను. రెండోసారి దారం రంగు బాగా లేదని విప్పాను. మూడోసారి బాగానే వచ్చింది, అయినా విప్పాను. "ఇంత చిన్న పేరుకి అయిదు గంటలా" అని హార్లన్ అడిగాడు. నువ్వే కుట్టమని చేతికిచ్చాను. భయపడి కొట్టానికి వెళ్లిపోయాడు.

నాలుగోసారి కుట్టి కత్తెర దాచేశాను.

నవంబర్ 25

గుమ్మడికాయ తీపి పైలు రెండు. క్రాన్‌బెర్రీ సాస్. టర్కీలో కూరే బ్రెడ్ మిశ్రమం, ఉల్లిపాయ లేకుండా వేరే గిన్నెలో. ఇరవై రెండు ఆకులు టీ డబ్బాలో పెట్టి కుట్టుగదిలో ఉంచాను. భోజనానికి ముందు చెప్తాను. లేకపోతే తర్వాత. లేకపోతే శుక్రవారం వెళ్లేటప్పుడు కారు దగ్గర.

నవంబర్ 26, గురువారం

అందరూ పడుకున్నారు. టర్కీ బాగానే కాలింది. మిగతాది రేపు. ఇవాళ చేతకాదు.

నవంబర్ 27, శుక్రవారం

వాళ్లు పదింటికి వెళ్లిపోయారు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

గ్రాడీ పొడుగు మనిషి, కరెంటు పని చేస్తాడు. మాట్లాడే ముందు గొంతు సవరించుకుంటాడు. వచ్చీ రాగానే వరండా దీపం మిణుకుమిణుకుమంటోందని స్టూలు అడిగి బాగుచేశాడు. నాకు నచ్చకూడదనుకున్నాను. టర్కీ మూడుసార్లు వడ్డించుకున్నాడు, ప్రతిసారీ నన్ను అడిగే. డోటీ అతన్ని పది నిమిషాల్లో తన వంటింటి స్విచ్చులు బాగుచేసే మాట దాకా లాగింది.

తీపి పైలు తిన్నాక ఆకుల వంతు వచ్చింది. హార్లన్ ఎప్పటిలాగే తన మోకాళ్లకి కృతజ్ఞతలు చెప్పాడు. డోటీ కొత్త పొయ్యికి చెప్పింది. మారెన్ "మీ ఇద్దరికీ" అని ఆగిపోయింది. గ్రాడీ తన ఆకు అరచేతిలో పెట్టుకుని కుట్టు మీద బొటనవేలితో తడిమాడు. గొంతు సవరించుకున్నాడు.

"నా పేరు చేత్తో కుట్టినవాళ్లు ఇంతవరకూ ఎవరూ లేరండి. దీనికే."

నా వంతు. ఏడాది పొడుగునా సిద్ధంగా ఉండే మాట ఒకటుంది నాకు, ఆరోగ్యం, ఇల్లు, చర్చి. అది చెప్పకుండా లేచి కుట్టుగదిలోకి వెళ్లిపోయాను. ఒంట్లో బాగాలేదనుకుని మారెన్ వెనకే వచ్చింది. తలుపు వేసి డబ్బా ఆమె చేతిలో పెట్టాను.

మూత తీసింది. ఒక ఆకు తీసి వెలుతురుకి పట్టింది. అల్లిన మనిషికి తన అల్లిక తెలియకుండా ఉంటుందా? చెప్పాల్సిన పని లేకపోయింది. కుట్టుమెషీన్ ముందున్న స్టూలు మీద కూర్చుండిపోయింది. ఆకులన్నీ ఒళ్లో పోసుకుని, ఒక్కొక్కటీ తిప్పి చూసింది. మెడ పట్టీ ఆకు దగ్గర ఆగింది.

"లేదన్నారు" అంది. "ఫోన్లో. వెతుక్కోమన్నారు. నేను ప్యాక్ చేసిన ప్రతి పెట్టె మళ్లీ విప్పాను."

నువ్వు పారేశావనుకున్నానని చెప్పాను. ఒళ్లు తెలియని కోపంలో చేశానని, తెలిసే చేశానని, తర్వాత అబద్ధం చెప్పానని, అన్నీ చెప్పాను. క్షమించమని అడగలేదు. అడగడానికి మొహం లేదు.

"పారెయ్యాలంటే మీకెందుకు పంపిస్తానమ్మా? చెత్తబుట్ట నా ఇంట్లో లేదా?" అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "ఆ ఇంటికి తీసుకెళ్తే గ్రాడీకి అన్యాయం. ఇంకెవరికైనా ఇవ్వలేను. మీ దగ్గరైతే ఉంటుందనుకున్నాను. ఫోన్ చేసి చెప్దామని, చెప్తే ఏడుస్తానని, మీరే చూసి అర్థం చేసుకుంటారని అడుగున పెట్టాను. నాదీ తప్పే. పైన కాగితం ముక్క పెట్టాల్సింది."

నేల మీద, గుడ్డపీలికల బుట్ట పక్కన కూర్చున్నాను. గోడ అవతల డోటీ ఎవరికో ఇంకో ముక్క తీపి పై బలవంతంగా వేస్తోంది. మారెన్ ఆకులు మళ్లీ డబ్బాలో పెట్టడం మొదలుపెట్టింది. సగంలో ఆపింది.

"సంచీ మీరే విప్పారా?"

అవునన్నాను.

"ఆర్నె చనిపోయిన వారంలో మూశాను. మళ్లీ విప్పలేదు. ఎన్నిసార్లో విప్పబోయాను. విప్పితే పోతుందని." గుక్క తిప్పుకుంది. "విప్పినప్పుడు... వాసన ఉందా ఇంకా?"

ఆ రోజు రాయనన్నది ఇదే. మెషీన్ ముందు నిలబడి, స్వెటర్ మొహానికి కప్పుకుని, వాడి వాసన పీలుస్తూ అలాగే ఉన్నాను. ఎంతసేపో తెలియదు. ఆ తర్వాత వేడినీళ్లలో వేశాను.

"ఉంది" అన్నాను.

స్టూలు దిగి వచ్చి నా పక్కనే నేల మీద కూర్చుంది. మోకాళ్లు దగ్గరికి లాక్కుంది. నా వైపు చూడలేదు.

"చెప్పండి."

చెప్పాను. మెడ దగ్గర ఆ నీలం సబ్బు వాసన, ఎన్నిసార్లు మానమన్నా మానని ఆ చవక సబ్బు. చేతులకి డీజిల్. చంకల్లో చెమట, చిన్నప్పుడు జ్వరం తగ్గేటప్పుడు వచ్చేలాంటిది. గుండె మీద కట్టెల పొగ, దానికింద ఏదో తియ్యగా, చూయింగ్ గమ్ కాబోలు.

"దాల్చినచెక్క గమ్" అంది మారెన్. కళ్లు మూసుకునే ఉంది. "మళ్లీ చెప్పండి. నెమ్మదిగా."

మెడ దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టాను.